ముఖం మీద మెరుపు: పండుగ అలంకరణలో తళుకు పొడి చరిత్ర

పండుగనాడు కనురెప్పల మీదా చెంపల మీదా తళుకు పొడి అద్దుకోవడం నిన్నమొన్నటి ఫ్యాషన్ అనీ, సినిమాల నుంచో విదేశీ కంపెనీల నుంచో వచ్చి చేరిందనీ చాలామంది అనుకుంటారు గానీ, చరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచదు. మెరిసే రాతిని పొడిచేసి ఒంటికి పూసుకునే అలవాటు మానవజాతికి అతి పురాతనమైనది. దక్షిణ భారతదేశంలో అది రంగస్థలం మీద ఒక విధంగానూ, దక్కను ముస్లిం కుటుంబాల పెళ్లిళ్లలో మరొక విధంగానూ స్థిరపడింది. ఆ మెరుపుకు ముఖ్యమైన ముడిసరుకు అభ్రకాన్ని ప్రపంచానికి అందించిన ప్రాంతాలలో నెల్లూరు సీమ ఒకటి. ఈ అలంకరణ చరిత్రను వరుసగా పరిశీలించినప్పుడు రెండు సంగతులు స్పష్టపడతాయి. ముఖం మీద ఎంత మెరుపు ఉండాలో ప్రతి కాలంలోనూ నిర్ణయించింది ఆ ముఖం మీద పడే వెలుతురు. ఆ మెరుపు వెనుక ఉన్న శ్రమనూ హానినీ భరించినవారు మాత్రం చాలా సందర్భాలలో దానిని ధరించినవారు కారు.

రాతి నుంచి పొడి దాకా

దక్షిణాఫ్రికా ఉత్తర కేప్ ప్రాంతంలోని బ్లింక్‌క్లిప్‌కాప్ అనే కొండ వద్ద, అద్దపు రవ్వల్లా మెరిసే ఒక రకం ఇనుప ఖనిజాన్ని స్థానికులు పూర్వకాలం నుంచీ తవ్వి తీసేవారు. దానిని నూరి, కొవ్వుతో కలిపి తలకూ ఒంటికీ పట్టించుకోవడం అక్కడి త్స్వానా తదితర జాతుల ఆచారమని 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆ ప్రాంతాలకు వెళ్లిన ఐరోపా యాత్రికులు నమోదు చేశారు. ప్రాచీన ఈజిప్టువాసులు పచ్చని మాలకైటు రాతినీ, లోహపు నిగారింపు గల సీసపు ఖనిజం గెలీనానూ నూరి కంటి అలంకరణకు వాడుకున్నారు. ఈ ఖనిజాలను ఎన్నుకోవడంలో రంగుతో పాటు వాటి నిగారింపుకూ పాత్ర ఉన్నదని భావించవచ్చు.

భారతదేశంలో ఈ స్థానం ప్రధానంగా అభ్రకానికి దక్కింది. అభ్రకం పొరలు పొరలుగా ఏర్పడిన సిలికేటు ఖనిజం. గోటితో మీటినా కాగితం కన్నా పలచని రేకులుగా విడిపోవడం దాని ప్రత్యేక లక్షణం. ప్రతి రేకు ఉపరితలమూ నునుపుగా ఉండి వెలుతురును ఒకే దిశలో తిప్పికొడుతుంది కాబట్టి, పొడిలోని రేణువులు కాస్త పెద్దవైతే విడివిడి చుక్కలుగా మినుకుమినుకుమంటాయి, బాగా సన్ననివైతే ముఖమంతటా పరచుకున్న మెత్తని నిగారింపుగా కనిపిస్తాయి. ఈనాటి సౌందర్య సాధనాలలో తళుకుకూ నిగారింపుకూ చూపే తేడా చాలావరకు ఈ రేణువుల పరిమాణంలోని తేడాయే.

అభ్రకాన్ని పొడి చేయడం తేలిక కాదు. రేకు వంగుతుందే తప్ప విరగదు కాబట్టి రోట్లో వేసి దంచినా అది మెత్తబడదు. ఈ చిక్కును విడదీసే మార్గాన్ని భారతీయ రసశాస్త్రం, అంటే ఖనిజాలతోనూ లోహాలతోనూ ఔషధాలు తయారుచేసే విద్య, చాలాకాలం క్రితమే కనిపెట్టింది. శుద్ధిచేసిన అభ్రకంలో నాలుగోవంతు వడ్లు కలిపి, కంబళిలో మూటకట్టి, పులికడుగులో మూడు రోజులు నానబెట్టి, ఆ తరువాత మూటను చేతులతో గట్టిగా పిసికితే, వడ్లగింజల గరుకు పొట్టు రాపిడికి రేకులు చిరిగి సన్నని రేణువులై కంబళి గుండా నీటిలోకి దిగుతాయి. ఆ నీటిని తేరనిచ్చి, వంచి, అడుగున మిగిలినదాన్ని ఆరబెడితే వచ్చే పొడిని ధాన్యాభ్రకం అన్నారు. ఈ పద్ధతి ఔషధం కోసం పుట్టినదే అయినా, యంత్రాలు లేని కాలంలో అభ్రకాన్ని మెత్తని మెరుపు పొడిగా మార్చగల పరిజ్ఞానం ఈ దేశంలో ఉండేదనడానికి అది గట్టి సాక్ష్యం.

దివిటీ వెలుగులో ముఖం

నాట్యశాస్త్రం నటుడి వేషభూషలనూ, ముఖానికి రంగు పూయడాన్నీ, రంగస్థల సామగ్రినీ కలిపి ఆహార్యాభినయం అనే పేరుతో వివరించింది. అసలు బంగారంతోనూ రత్నాలతోనూ చేసిన బరువైన నగలు నటుణ్ణి అలసటకు గురిచేస్తాయి కాబట్టి లక్క, పలచని రాగి రేకు, అభ్రకపు రేకు వంటి తేలిక పదార్థాలతో రంగస్థలాభరణాలు చేసుకోవాలని ఆ గ్రంథం సూచించింది. రంగస్థలం మీద కావలసింది విలువ కాదు, దూరాన కూర్చున్నవాడి కంటికి అందే మెరుపు అన్న అవగాహన ఆ సూచనలో ఉంది. తెలుగునాట వీధి నాటకాలలోనూ భాగవత మేళాలలోనూ తేలికపాటి కర్రతో కిరీటాలూ భుజకీర్తులూ చెక్కి, వాటికి తళుకు కాగితాలూ అద్దపు ముక్కలూ అతికించిన సంప్రదాయం ఈ అవగాహనకు కొనసాగింపే.

ముఖానికి వాడిన పదార్థాలలో ముఖ్యమైనది అరదళం. సంస్కృతంలో హరితాళం అని పిలిచే ఈ పసుపు ఖనిజం ఆర్సెనిక్, గంధకం కలిసి ఏర్పడినది. రసశాస్త్ర గ్రంథాలు దీనిని రేకులుగా విడిపోయే పత్ర హరితాళం, ముద్దగా ఉండే పిండ హరితాళం అని రెండు విధాలుగా విభజించి, బంగారు ఛాయతో మెరిసే మొదటిదాన్ని మేలైనదిగా చెప్పాయి. దీనిని మెత్తగా నూరి, తగిన తడితోనో నూనెతోనో కలిపి ముఖానికి పూస్తే, పగటి వెలుతురులో మొరటుగా కనిపించే ఆ పసుపు, నూనె దివిటీల ఎర్రని వెలుగులో మేలిమి బంగారు ఛాయకు తిరుగుతుంది. పెదవులకూ బుగ్గలకూ ఇంగిలీకపు ఎరుపు, కళ్లకూ కనుబొమలకూ కాటుక, శ్యామవర్ణపు దేవతా పాత్రలకు నీలిమందు తోడై వేషం పూర్తయ్యేది.

ఈ అలంకరణను అర్థం చేసుకోవాలంటే ఆనాటి వెలుతురును దృష్టిలో ఉంచుకోవాలి. కూచిపూడి భాగవతులూ వీధి నాటక సమాజాలూ రాత్రిపూట ఆరుబయట ప్రదర్శనలిచ్చేవారు. తెరకు అటూ ఇటూ నిలబడినవారి చేతుల్లోని దివిటీలే దీపాలు. ముఖ్యపాత్ర ప్రవేశించే సమయంలో ఆ దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లితే మంట ఒక్కసారి భగ్గుమని లేచి, తెర వెనుక నుంచి వెలువడుతున్న పాత్ర ముఖమూ కిరీటమూ భుజకీర్తులూ క్షణకాలం జ్వలించేవి. స్థిరంగా ఉండే వెలుతురులో మెరుపు ఒకేచోట నిలిచిపోతుంది గానీ, రెపరెపలాడే మంట ముందు నటుడు కదిలిన ప్రతిసారీ కొత్త చోట పుడుతుంది. ఆ కాలపు నాటకాలలో మెరుపు అలంకారం మాత్రమే కాదు, ఊరి చివర చీకట్లో కూర్చున్న ప్రేక్షకుడికి పాత్రను చూపించే సాధనం కూడా.

కేరళలో కథాకళి ఈ సూత్రాన్నే మరింత సూక్ష్మంగా పాటించింది. స్త్రీ పాత్రలకూ ఋషులకూ బ్రాహ్మణులకూ వేసే మినుక్కు అనే వేషంలో అరదళపు పసుపునూ ఎరుపునూ కలిపి చర్మానికి దగ్గరి రంగు సాధించి, దాని మీద అభ్రకపు పొడిని పలచగా అద్దడం పరిపాటి. కొబ్బరినూనెతో వెలిగే ఆట్టవిళక్కు అనే ఒకే ఒక పెద్ద దీపం ముందు ఆ ముఖానికి కలిగే కాంతి, ఇతర వేషాల ఉద్ధతికి భిన్నమైన సౌమ్యతను సూచిస్తుంది. ఒకే ప్రదర్శనలో ఏ పాత్రకు మెరుపు ఉండాలో, ఏ పాత్రకు అక్కరలేదో నిర్ణయించగల స్థాయికి ఈ కళ ఎదిగిందని దీనివల్ల తెలుస్తుంది.

వధువు నుదుట అఫ్షాన్

రంగస్థలం నుంచి ఇంటి శుభకార్యం వైపు తిరిగితే, తళుకు పొడిని నేరుగా ముఖానికి అద్దే ఆచారం దక్కను ముస్లిముల పెళ్లిళ్లలో కనిపిస్తుంది. వధువు పాపిట మీదా నుదుటి మీదా చల్లే బంగారు, వెండి రంగుల సన్నని పొడిని అఫ్షాన్ అంటారు. పలచగా సాగగొట్టిన లోహపు రేకులను అతి చిన్న ముక్కలుగా చేసి గానీ, అభ్రకాన్ని పొడిచేసి గానీ దీనిని తయారుచేసేవారు. పారశీక, దక్కను గ్రంథకళలో బంగారు రవ్వలు చల్లి కాగితాన్ని అలంకరించే పద్ధతికి జర్‌అఫ్షాన్ అనే పేరుంది. కాగితం మీద లేఖకుడు చేసిన పనినే వధువు నుదుట ఇంటి ఆడవాళ్లు చేశారు.

హైదరాబాదులో ఈ ఆచారం నిలదొక్కుకోవడానికి అక్కడి వృత్తులు అనుకూలించాయి. తోలు పొరల మధ్య వెండి తునకలను ఉంచి గంటల తరబడి సుత్తితో సాగగొట్టి వరఖ్ అనే అతి పలచని రేకు తీసే పనివారు చార్మినార్ పరిసరాల్లో తరతరాలుగా ఉన్నారు. జరీ పనికి కావలసిన బద్దీలు, చమ్కీలు, తీగలు అమ్మే అంగళ్లూ ఆ చుట్టుపక్కలే వెలిశాయి. ముఖం ముందు జాలువారే సెహ్రా, పాపిట దగ్గర వంగి నిలిచే ఝూమర్, నుదుటి మీది అఫ్షాన్, మూడూ కలిసి దీపాల వెలుగులో వధువు ముఖాన్ని మెరుపుతో చుట్టుముట్టేవి. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ రచించగా హెర్‌క్లాట్స్ అనువాదంతో 1832లో లండన్‌లో వెలువడిన కానూన్-ఎ-ఇస్లాం అనే గ్రంథం దక్కను ముస్లిముల పెళ్లి తంతులనూ, వాటిలో వాడే సుగంధపు నలుగు పిండినీ, మొహర్రంలో వేసే పులివేషం వంటి వేషాలనూ వివరించి, ఈ ప్రాంతపు అలంకరణ చరిత్రకు విలువైన ఆధారంగా నిలిచింది.

తెలుగు హిందువుల పెళ్లిలో ముఖానికి తళుకు పొడి అద్దే సంప్రదాయం బలంగా కనిపించదు. అక్కడ మెరుపు నుదుట కట్టే బాసికానిది; ముత్యాలు, జరీ, తళుకు ముక్కలు కూర్చిన ఆ చిన్న పట్టీ వధూవరుల కనుబొమల పైన నిలిచి వెలుతురును పట్టుకుంటుంది. ముఖానికి మాత్రం పసుపు, గంధం, కల్యాణ తిలకం, బుగ్గచుక్క వంటి మెరుపులేని పదార్థాలే వాడుతారు. జాతరల్లో ఈ విభజన ఇంకా స్పష్టం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు వేసే బైరాగి వేషానికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి ఒంటినిండా పులుముకుంటారు. ఇవన్నీ వెలుతురును అద్దంలా తిప్పికొట్టని, మెరుపులేని రంగులు. ఎండలో తిరిగే భక్తుడికి మెరుపుతో పనిలేదు. ఆ సందర్భంలో నగల తళుకూ అలంకరణ శోభా అమ్మవారి సొత్తు. ఆ విధంగా మెరుపును ఎవరు, ఎప్పుడు ధరించాలన్నది ఆయా సమాజాలు తమ విశ్వాసాన్ని అనుసరించి ఏర్పరచుకున్న మర్యాద.

గూడూరు గనుల కాలం

19వ శతాబ్దం చివరి నాటికి అభ్రకం కథ మలుపు తిరిగింది. వేడిని తట్టుకుంటూ విద్యుత్తును అడ్డుకునే గుణం వల్ల అది విద్యుత్ యంత్రాలకు అత్యవసరమై, అలంకరణ పదార్థంగా ఉన్నది అంతర్జాతీయ వాణిజ్య సరుకుగా మారింది. నేటి జార్ఖండ్‌లోని కోడెర్మా, గిరిడీ ప్రాంతాలతో పాటు నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం, రాపూరు పరిసరాల్లో గనులు వెలిశాయి. కోడెర్మా సరుకు ఎర్రని ఛాయకూ, నెల్లూరు సరుకు ఆకుపచ్చ ఛాయకూ పేరుపొందాయి. గనిలోంచి తీసిన దిమ్మెలను కొడవలి వంటి కత్తులతో చెక్కి, అంచులు సరిచేసి, రేకులుగా విడదీసి, పరిమాణాన్ని బట్టి వేరుచేసే పనిలో వేలాదిమంది కూలీలు, ముఖ్యంగా స్త్రీలు, జీవనం సాగించారు. ఈ కార్మికుల వైద్య, విద్య, గృహ అవసరాల కోసం 1946లో ప్రత్యేకంగా అభ్రకపు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం చేయవలసి వచ్చిందంటే వారి స్థితిగతులు ఎలా ఉండేవో ఊహించవచ్చు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత విద్యుత్ పరికరాల్లో ప్రత్యామ్నాయ పదార్థాలు ప్రవేశించడంతో రేకు అభ్రకానికి గిరాకీ క్షీణించింది. ఒకప్పుడు పనికిరాదని గనుల దగ్గర గుట్టలుగా పారబోసిన తునకలకు మాత్రం కొత్త విలువ వచ్చింది. పొడి అభ్రకం రంగుల పరిశ్రమకూ, ఆ తరువాత సౌందర్య సాధనాల పరిశ్రమకూ ముడిసరుకైంది.

దీపం మారితే ముఖం మారింది

ఈలోగా రంగస్థలపు వెలుతురు పూర్తిగా మారిపోయింది. లండన్‌లోని సవోయ్ నాటకశాల 1881లో విద్యుద్దీపాలు అమర్చుకున్నది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కీచకవధ ప్రదర్శనతో ఆరంభించిన నాటక సమాజం, తరువాతి దశాబ్దాలలో తెరలతోనూ దీపాలతోనూ సృష్టించిన అద్భుత దృశ్యాల వల్ల తెలుగు ప్రేక్షకులను ఆకట్టుకున్నది. ప్రకాశవంతమైన దీపాల ముందు అరదళపు బంగారు ఛాయ వట్టి పసుపుగా తేలిపోవడంతో, చర్మపు రంగును పోలిన జిడ్డు రంగులు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. జర్మనీలో లుడ్విగ్ లైఖ్నర్ స్థాపించిన సంస్థ ఇటువంటి రంగు కడ్డీలను ప్రపంచమంతటికీ పరిచయం చేసింది.

సినిమా కెమెరా మెరుపును ఇంకా కట్టడి చేసింది. దగ్గరి నుంచి తీసే దృశ్యంలో చర్మం మీది చిన్నపాటి జిడ్డు మెరుపు కూడా తెల్లని మరకలా కనిపిస్తుంది కాబట్టి, మాక్స్ ఫాక్టర్ 1914లో సినిమాల కోసమే పలచని మేకప్ రూపొందించాడు. దాని మీద పౌడరు అద్ది మెరుపును అణచడం అన్ని చోట్లా నియమమైంది. తెలుగు పౌరాణిక చిత్రాలలోనూ తళుకు ముఖాన్ని వదిలి కిరీటాలకూ నగలకూ వస్త్రాలకూ పరిమితమైంది. 1963 నాటి లవకుశతో పూర్తి నిడివి రంగుల చిత్రం తెలుగులో ప్రవేశించాక ఆ నగల తళుకు మరింత శోభించింది గానీ, ముఖం మాత్రం చాలాకాలం నిగారింపు లేకుండానే ఉండిపోయింది.

ముత్యపు కాంతి నుంచి ప్లాస్టిక్ దాకా

ముఖానికి మెరుపును తిరిగి తెచ్చినది రసాయన పరిశ్రమ. 17వ శతాబ్దంలో పారిస్‌కు చెందిన జాకాఁ అనే జపమాలల తయారీదారు ఒక రకం చిన్న చేపల పొలుసుల నుంచి ముత్యపు కాంతి గల పదార్థాన్ని తీసి కృత్రిమ ముత్యాలు చేశాడు; అదే పదార్థం తరువాతి కాలంలో గోళ్ల రంగులకూ పెదవి రంగులకూ నిగారింపునిచ్చింది. 1960వ దశకంలో అభ్రకపు రేణువుల మీద టైటానియం డయాక్సైడు పూతను అతి పలచగా ఎక్కించే పద్ధతి వాణిజ్యపరంగా వృద్ధి చెందింది. పూత మందాన్ని బట్టి తిరిగివచ్చే కాంతి రంగు మారుతుంది కాబట్టి, ఒకే ఖనిజంతో వెండి, బంగారు, నీలం, గులాబీ ఛాయల మెరుపులన్నీ సాధ్యమయ్యాయి. ఈనాటి కనురెప్పల రంగులలో ఎక్కువ భాగానికి మూలం ఇదే.

గ్లిట్టర్ అని పిలిచే గట్టి తళుకు దీనికి భిన్నమైన వస్తువు. 1934లో అమెరికాలోని న్యూజెర్సీలో హెన్రీ రష్మన్ అనే వ్యక్తి వ్యర్థ పదార్థాలను సన్నని తునకలుగా కోసే యంత్రం ద్వారా దీనికి నాంది పలికాడని చెబుతారు. 1950వ దశకంలో పాలియెస్టర్ పొర అందుబాటులోకి వచ్చిన తరువాత, దాని మీద అల్యూమినియం ఆవిరి పూత వేసి, రంగు పట్టించి, షట్కోణాలుగా కత్తిరించడం ప్రామాణిక పద్ధతి అయింది. షట్కోణాలు ఒకదానికొకటి సందు లేకుండా అమరుతాయి కాబట్టి పొర వృథా కాదు. 1971లో బ్రిటన్‌లో మార్క్ బోలన్ అనే గాయకుడు కళ్ల కింద తళుకు అద్దుకుని టెలివిజన్‌లో కనిపించడం యువతరంలో ఈ అలంకరణకు ప్రాచుర్యం తెచ్చింది. ఫ్లాష్ కాంతిలో ఫొటోలూ, వీడియో దీపాల కింద పెళ్లిళ్లూ సాధారణమయ్యాక అది తెలుగు ఇళ్లలోకీ వచ్చింది. తళుకు పొడి నేడు పెళ్లి మేకప్‌లోనూ, పాఠశాలల నృత్య ప్రదర్శనలలోనూ, పండుగ వేడుకలలోనూ భాగం. ఒకప్పుడు దివిటీ వెలుగు అడిగిన మెరుపును ఇప్పుడు కెమెరా వెలుగు అడుగుతున్నది.

మెరుపు వెనుక ఉన్న బాధ్యత

ఈ చరిత్రలో ప్రతి పదార్థమూ తన హానిని వెంట తెచ్చుకున్నది. అరదళం ఆర్సెనిక్ విషం. గెలీనా సీసపు విషం. భారతదేశంలో సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలతో రంగు వేసిన సౌందర్య సాధనాల తయారీని 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింది నియమాలు నిషేధించాయి. అభ్రకం చర్మానికి హాని చేయదు గానీ, దాని గనుల్లో దుమ్ము పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. జార్ఖండ్, బిహార్‌లలో మూతపడిన గనుల చుట్టూ తునకలు ఏరే పనిలో పసిపిల్లలు ఉన్నారన్న సంగతి బయటపడిన తరువాత, బాధ్యతాయుతమైన అభ్రకపు సేకరణ కోసం కొన్ని సంస్థలు 2017లో అంతర్జాతీయ వేదికగా ఏర్పడ్డాయి. ఇక ప్లాస్టిక్ తళుకు ముఖం కడిగిన నీటితో కాలువల్లోకీ చెరువుల్లోకీ చేరి, 5 మిల్లీమీటర్లకు లోపు ఉండే సూక్ష్మ ప్లాస్టిక్‌గా చాలాకాలం నిలిచిపోతుంది. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ తళుకు అమ్మకాన్ని నిషేధించి, ముఖాలంకరణ వస్తువులలోని సూక్ష్మ ప్లాస్టిక్‌ను తొలగించడానికి 2035 వరకు గడువు ఇచ్చింది.

పాత సంప్రదాయాలు మెరుపును ఒక రాత్రి నాటకానికో, ఒక పెళ్లి ఘడియకో పరిమితం చేశాయి. అభ్రకమూ లోహపు రేకూ నేల నుంచి వచ్చి నేలలోకే చేరాయి. మెరుపు పట్ల మనిషికున్న మమకారం తప్పు కాదు, వేల ఏళ్లుగా అది పండుగను పండుగగా గుర్తించే ఒక మార్గం. అయితే ఆ మెరుపు ఏ గని నుంచి వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, కడిగేశాక ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం కూడా నేటి పండుగ మర్యాదలో భాగం కావాలి. చేతిపనులకు అమ్మే తళుకు తునకల అంచులు కంటిని గీరగలవు కాబట్టి వాటిని పిల్లల ముఖాలకు వాడకపోవడం, ప్లాస్టిక్ తునకలకు బదులు బాధ్యతగా సేకరించిన అభ్రకంతో గానీ ప్రయోగశాలలో తయారైన కృత్రిమ అభ్రకంతో గానీ చేసిన పొడిని ఎన్నుకోవడం, ఆ వివరాలు డబ్బా మీద ముద్రించాలని తయారీదారులను అడగడం ప్రతి ఇంటికీ సాధ్యమైన పనులు. అభ్రకాన్ని తవ్విన చేతులు, చెక్కిన చేతులు ఉన్న నేల మనది. ఆ మెరుపు విలువను, దాని మూల్యాన్ని అందరికన్నా ముందుగా గుర్తించవలసినవారు తెలుగువారే.